చెయ్యి ఓర్చేంత వేడి

మొన్న జహీరాబాద్‌లో ఆయన సంతాపసభ జరిగింది. నలుగురు మాట్లాడారు. నలుగురిదీ ఒకటే పాట: చాలా శాంతస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, నవ్వు చెరగని ముఖం. నాలుగో ఆయన కూడా అదే మొదలుపెట్టేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి బయటికి వచ్చేశాను. పోయిన మనిషి గురించి మంచి చెప్పాలనుకుంటే ఉన్న మంచి చెప్పవచ్చు కదా. ఆయనకు ఉన్న ఆస్తి కోపం ఒక్కటే. దాన్ని కూడా కడిగేసి, ఫోటోకు దండ వేసి, చేతులు దులుపుకున్నారు.

ఊళ్ళల్లో ఆయనను పురుగుల సారు అనేవాళ్ళు. నేను చెప్పేది డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో సంగతి. రైతులకు సలహాలు చెప్పే ఒక ఆఫీసులో అందరికన్నా చిన్న ఉద్యోగం ఆయనది. సైకిల్ మీద వచ్చేవాడు. చొక్కా గుండీకి దారంతో కట్టిన భూతద్దం, జేబులో రెండు చీపురు పుల్లలు. మంచం వేస్తే కూర్చునేవాడు కాదు. అడగా పెట్టకుండా అల్లం మడిలో దిగి, పచ్చబడిన మొక్కనొకదాన్ని వేళ్ళతో సహా పీకి, "నీళ్ళు తెండ్రి" అని కేకేసేవాడు. మడి గల రైతు తిడుతుంటే వేళ్ళు కడిగేవాడు. తిట్లు అయిపోయేసరికి కడగడం అయిపోయేది. అప్పుడు ఆయన వంతు మొదలయ్యేది.

"నోరు చూసిన్రా?" అనేవాడు ముందుగా. ఎవరు చూస్తారు? వేళ్ళ మీద ఆవాలంత, శనగలంత బుడిపెలు కనబడేవి, అంతే. ఆ బుడిపెలోపల ఉండే నులిపురుగు కంటికి ఆనదు. అందుకని ఆయనే నోరు చేసి చూపించేవాడు. ఎడమచేతి ఐదు వేళ్ళనూ మొగ్గలా దగ్గరికి ముడిచి పైకి పట్టేవాడు.

"ఇది దాని నోరు. పండ్లు లెవ్వు, నాలిక లేదు. సుట్టు ఆరు పెదవులు. నాకు ఐదేళ్ళే ఉన్నయి, ఆరోది మీరే అనుకోన్రి. నడుమ సూది." వేళ్ళ మధ్యనుంచి చీపురు పుల్లను టక్కున పైకి పొడిచేవాడు. పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. "దవాఖానల సూది లెక్క బోలు సూది. కింద మూడు గుబ్బలుంటయి. వాటిని పట్టుకొని కండలు నూకితే సూది బయటికొస్తది, పొడుస్తది, మల్ల లోపలికి పోతది."

తర్వాత మణికట్టు చూపించి అది పంపు అనేవాడు. ముంజేతి మీద బొగ్గుతో మూడు సంచులు గీసేవాడు, కింద రెండు, పైన ఒకటి. అవి ఉమ్మి తయారుచేసే గ్రంథులు. పురుగు పిల్లగా ఉండి వేరులోకి దూరేటప్పుడు కింది రెండూ పనిచేసి వేరు గోడలను మెత్తబరుస్తాయి. దూరి ఒకచోట స్థిరపడ్డాక పైది ఉబ్బుతుంది. సూదిలోంచి ఉమ్మిని వేరులోకి దింపుతుంది. ఆ ఉమ్మి తగిలిన చోట వేరు బుద్ధి మారిపోతుంది. తన కోసం దాచుకోవలసిందంతా ఆ నోటి చుట్టూ నాలుగైదు పెద్ద పెద్ద గదులుగా నింపి పెడుతుంది.

"వేరును సంపదు. సంపితే రేపెవలు వెడ్తరు? వేరుతోనే వండిపిచ్చుకొని తింటది. కూసున్న కాడికెల్లి లెవ్వదు. ఆడదే గిట్ల కూసుంటది. మగది సన్నగయ్యి బయటికి ఎల్లిపోతది."

"మగోళ్ళు ఏడైన గంతేనా సారూ" అని మా అత్త నవ్వింది. మా ఇంటి ముందర ఆయన మొదటిసారి ఈ ఆట ఆడిన రోజు అది. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. కొత్తకోడలిని, దర్వాజా వెనక నిలబడి విన్నాను. వేరును చంపకుండా వేరుతోనే వండించుకు తినే నోరు అన్న మాట ఆ ఇంట్లో నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థమై ఉండదు.

ఆయనకు పెద్ద చదువు లేదు. పట్నంలో ఏదో ప్రయోగశాలలో గాజుపలకలు కడిగే పనిలో కొన్నేళ్ళు ఉన్నాడు. పెద్దవాళ్ళు సూక్ష్మదర్శినిలో చూసి, రాసుకొని, భోజనానికి పోయేవాళ్ళు. పలక కడగడానికి తీసేముందు ఈయన కన్ను పెట్టి చూసేవాడు. అలా చూసిందే ఆయన చదువు. జహీరాబాద్ ఆఫీసుకు వచ్చాక నోరు తెరిస్తే చాలు, అక్కడి అధికారి "గిలాసలు కడిగేటోనికి సైన్సెందుకు" అనేవాడట. అల్లం ఆకు పచ్చబడితే ఆకు మీద చల్లే పొడి రాసిచ్చేది ఆ అధికారే. రోగం వేరులో, మందు ఆకు మీద! ఈ మాట చెప్పేటప్పుడు పురుగుల సారు గొంతు పక్క ఊరికి వినబడేది. మడికి దిష్టి తగిలిందని కుండకు సున్నం బొట్లు పెట్టి కట్టెకు బోర్లించిన వాళ్ళను చూస్తే ఇంకా మండేది. "దిష్టికి సూదుంటదా? చెప్పు! సూదుంటదా?" అని మీదికి పోయేవాడు. ఇదీ ఆ సభలో చెప్పిన శాంతస్వభావం.

మందు ఆయన దగ్గర ఒకటుంది. దానికి దుకాణానికి పోనవసరం లేదు. విత్తనం అల్లాన్ని నాటేముందు వేడినీళ్ళలో పది నిమిషాలు ముంచాలి. వేడి సరిగ్గా ఉంటే దుంపలోని పురుగు చస్తుంది, మొలక బతుకుతుంది. కాస్త తక్కువైతే పురుగు బతుకుతుంది. కాస్త ఎక్కువైతే విత్తనం ఉడికిపోతుంది. అందుకు థర్మామీటర్ కావాలి. ఆఫీసులో ఒకటుంది, చెక్కపెట్టెలో, అధికారి బీరువాలో, తాళం కింద. ఊళ్ళు తిప్పితే పగిలిపోతుందని ఇవ్వలేదు. బీరువాలో ఉన్న థర్మామీటర్ ఎవరి జ్వరం చూస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పురుగుల సారు ఊరుకోలేదు. ఒకరోజు అధికారి భోజనానికి పోయినప్పుడు జవానును బతిమాలి దాన్ని బయటికి తీయించాడు. ఆఫీసు వెనక మూడు రాళ్ళు పెట్టి నీళ్ళు కాచాడు. గీత సరైన చోటికి రాగానే తన చెయ్యి ముంచి లెక్కపెట్టాడు. ఐదు దాకా ఓర్చింది, ఆరుకు తీసేయబుద్ధయింది. మళ్ళీ కాచాడు, మళ్ళీ ముంచాడు. ఎన్నిసార్లు చేసినా ఐదే. అప్పటినుంచి ఆ చెయ్యే ఆయన థర్మామీటర్. ఊరూరా విత్తనం ముంచేటప్పుడు తనే కూర్చొని, తన చెయ్యే ముంచి చూసి, మంట లాగించేవాడు. రెండేళ్ళు ఎక్కడా తప్పు పోలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తగారి ఊరు చిరాగ్‌పల్లికి కొంచెం లోపల. నేను నిజామాబాద్ వైపు, వరి పండే ఊరినుంచి వచ్చాను. జొన్నరొట్టె తినడమే కొత్త, చేయడం ఎక్కడిది? జొన్నపిండిని మరిగే నీళ్ళు పోసి చేత్తోనే పిసకాలి. పెంక మీద రొట్టెకు చేత్తోనే తడి అద్దాలి, చేత్తోనే తిప్పాలి. మొదటి ఆరు నెలలు నేను అబ్బా అనని రోజు లేదు. అన్నప్పుడల్లా మా అత్త వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేది: "వరి బువ్వ తిన్న చేతులు. వెన్న లెక్క కరుగుతయి." ఆమెనని ఏం లాభం, ఆమె చేతులు కూడా ఎవరో అలాగే కాల్చి ఉంటారు. అయినా కోపం వస్తుంది, ఇప్పుడు కూడా వస్తుంది. రెండేళ్ళకు నేను అబ్బా అనడం మానేశాను. చెయ్యి మొద్దుబారడం కొంత, మొహం మొద్దుబారడం ఎక్కువ.

ఆ ఏడు మా మడులన్నింటికీ సరిపడే విత్తనం పురుగుల సారు మాటమీద వేడినీళ్ళలో ముంచాలని మా ఆయన ఒప్పుకున్నాడు. అత్తకు ఇష్టం లేదు. "ఇత్తనాన్ని ఉడుకు నీళ్ళల్ల ముంచుడేంది, సావుకు పెట్టినట్టు" అని సణిగింది. వాకిట్లో గంగాళం పెట్టాం. మంట అంటుకునే వేళకు ఆఫీసు జవాను సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. అధికారి మీటింగ్ పెట్టాడట, ఉన్నపళంగా రావాలట. సారు జవానును, అధికారిని, మీటింగును కలిపి తిట్టి, మా వైపు తిరిగాడు.

"నేను లేకున్న ఫికర్ లేదు. నీళ్ళు కాగుతుంటే చెయ్యి వెట్టి చూడున్రి. ఐదు లెక్కవెట్టేదాక ఓర్చాలె, ఆరుకు తియ్యాలనిపియ్యాలె. గప్పుడు మంట గుంజేసి ఇత్తనం ముంచున్రి. చెయ్యి ఎవలు వెడ్తరు?"

"మా కోడలు వెడ్తది" అంది అత్త.

ఆయన నన్ను చూసి, "చెల్లె, ఐదు. మర్చిపోకు" అని సైకిల్ ఎక్కాడు.

నేను చెయ్యి పెట్టాను, లెక్కపెట్టాను, ఓర్చుతున్నదని చెప్పాను. మంట తీశారు. విత్తనం ముంచారు. నాటారు.

మొలక రాలేదు. మూడు వారాలకు మా ఆయన ఒక మడి తవ్వి చూశాడు. దుంప వేలు పెడితే దిగబడింది. వాసన కొట్టింది. ఇంకో మడి, ఇంకో మడి, అన్నీ అంతే. ఊరంతా వచ్చి చూసి పోయింది. విత్తనాన్ని వండిన కోడలు అన్న పేరు నాకు ఆ సాయంత్రానికే వచ్చింది. విత్తనాన్ని చంపిన చెయ్యి ఇంట్లో ఉంటే పంట నిలవదని అత్త తేల్చేసింది. రాయికోడ్‌నుంచి ఆమె తమ్ముడు వచ్చి తల ఊపాడు. మా ఆయన నేల చూశాడు. అంతకన్నా ఆయన చేసింది ఏమీ లేదు. మా అన్నకు కబురు పోయింది. మూడో రోజు ఆయన బస్సు దిగి వచ్చేసరికి నా ట్రంకుపెట్టె సర్ది అరుగు మీద పెట్టి ఉంది. పుట్టింటికి పోతే మళ్ళీ పిలిచే ఉద్దేశం ఎవరికీ లేదని అందరికీ తెలుసు.

అప్పుడు వచ్చాడు పురుగుల సారు. ఎవరు చెప్పారో తెలియదు, సైకిల్‌ను గోడకు కొట్టినట్టు ఆనించి లోపలికి వచ్చాడు. పెట్టెను చూశాడు, మా అన్నను చూశాడు. విషయం విన్నాడు.

"గంగాళం తెండ్రి. ఆ రోజు వెట్టిన కాడనే వెట్టున్రి" అన్నాడు.

"ఇప్పుడేం ముంచుతవు సారూ, ఏమున్నదని?" అంది అత్త.

"నా చెయ్యి ముంచుత. చెల్లె చెయ్యి ముంచుతది. చూద్దాం."

నీళ్ళు కాగుతున్నాయి. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆ రోజు ఎంత వేడికి మంట తీయమన్నానో అంత వేడికి చాలని నేను చెప్పాలి. వేలు ముంచి చూస్తూ నిలబడ్డాను. చాలన్నాను. ఇద్దరం ఒకేసారి చేతులు పెట్టాం. ఆయనే లెక్కపెట్టాడు. ఒకటి అన్నాడు, రెండు అన్నాడు, మూడు అనకుండానే చెయ్యి విదిలించుకుంటూ బయటికి లాగాడు. నా చెయ్యి నీళ్ళలోనే ఉంది. ఆయన లెక్క ఆపలేదు. మూడు, నాలుగు, ఐదు. ఆరు. నేను తీయలేదు. ఎనిమిది అనేసరికి ఆయన గొంతు మారింది.

"చాలు! తియ్యి! తియ్యమంటున్న గదా!" అని అరిచాడు.

తీసి కొంగులో చుట్టుకున్నాను.

"చూసిన్రా?" అని మా వాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "నాది కాయిదాలు పట్టే చెయ్యి. ఈమెది దినాం ఉడుకు పిండి పిసికే చెయ్యి. నా ఐదు, ఈమె ఐదు ఒకటెట్ల అయితది? గంత అక్కల్, తెలివి లేకుంట చెప్పి పోయిన. తప్పు నాది. పెట్టె లోపల వెట్టున్రి."

అందరికన్నా ముందు మా అత్తే తేరుకుంది. "మా ఇంటికొచ్చినంకనే గట్టివడ్డది గా చెయ్యి" అంది, తమ్ముడి వైపు గర్వంగా చూస్తూ. మా ఆయన పెట్టె ఎత్తి లోపల పెట్టాడు.

ఆ తర్వాత ఆయనకేం జరిగిందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. అనుమతి లేని పద్ధతి చెప్పి రైతు విత్తనం పాడుచేశాడని ఆఫీసు సంజాయిషీ అడిగింది. థర్మామీటర్ ఇవ్వని వాళ్ళే అడిగారు. ఆయన తప్పు ఒప్పుకొని కాగితం రాసిచ్చాడు. అల్లం మొక్క కంటికి కనబడని అడవి అంచుకు బదిలీ చేశారు. పదవీ విరమణ అయ్యాకే మళ్ళీ జహీరాబాద్ వచ్చాడు. అప్పటికి ముడిచి చూపించడానికి ఎడమచేతి వేళ్ళు సరిగా వంగేవి కావు. అయినా బజారులో కనబడిన ప్రతి అల్లం బస్తా ముందు ఆగి దుకాణంవాళ్ళతో గొడవ పెట్టుకొనేవాడు. రోడ్డు అవతలనుంచి చూసి నేను సందులోకి తిరిగేదాన్ని. ఆయన ముందుకు పోయే మొహం నాకు లేదు.

ఎందుకంటే ఆయన చెప్పింది నిజం కాదు. నా చెయ్యి ఓర్చలేదు.

విత్తనం ముంచిన రోజు రెండు లెక్కపెట్టేసరికే నా చెయ్యి భగ్గుమంది. పక్కనే అత్త నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంది. తీస్తే మళ్ళీ వరి బువ్వ చేతులు, మళ్ళీ వెన్న. ఐదు దాకా పళ్ళబిగువున ఉంచి, ఓర్చుతున్నదని అబద్ధం చెప్పాను. చన్నీళ్ళు పోయమని ఒక్క మాట అంటే అయిపోయేది. ఇంటిల్లిపాది ఏడాది పంటను నా మొహమాటం ఉడకబెట్టింది. రెండోసారి, ఆయన ముందు, ఇంకా ఘోరం చేశాను. కాస్త ముందే చాలంటే ఆయన చెయ్యి కూడా ఐదు దాకా ఓర్చుతుందేమో, అప్పుడు తప్పు నా మీద పడుతుంది, నేను బస్సెక్కుతాను. అందుకని మొదటి రోజుకన్నా ఎక్కువ కాగనిచ్చాను. కాగనిచ్చి, చెయ్యి పెట్టి, తీయకుండా నిలబడ్డాను. అరుగు మీది పెట్టెను చూస్తూ నిలబడ్డాను. చెయ్యి ఉడుకుతున్నదని తెలుస్తూనే ఉంది. అంత మంచి మనిషిని నీళ్ళల్లో తోస్తున్నానని కూడా తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం అత్త ఉత్సాహంగా ఉంది. "సారుకు, మీ అన్నకు రొట్టెలు చెయ్యి" అంది. వద్దనడానికి ఏ కారణం చెప్పను? అరచేయంతా బొబ్బలు. మరిగే నీళ్ళు పిండిలో పోసి పిసికాను. బొబ్బలు చితికాయి. పెంక మీద మొదటి రొట్టె వేసి తడి అద్దాను. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు, ఆ విద్య నాకు బాగా వచ్చింది అప్పటికి. సారు పొయ్యికి ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మొదటి రొట్టె తిన్నాడు. రెండోది చేస్తుంటే తినడం ఆపి నా చెయ్యి వైపు చూశాడు. నేను మూడో పిండిముద్ద తీసుకోబోతుంటే పళ్ళెం నేలకేసి కొట్టినట్టు పెట్టాడు.

"ఈ ఇంట్ల ఇంకెవలకు రావా రొట్టెలు? పెద్దమ్మా, నీకు రావా? ఆ పొయ్యి కాడికెల్లి లేపున్రి ఆమెను! పొద్దటిదాక ఎల్లగొడ్తుంటిరి, ఇప్పుడు చేపిచ్చుకొని తింటున్రా?"

అత్త బిత్తరపోయి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నేను లేచి బయటికి పోయాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి జాలారి దగ్గరికి వచ్చాడు. చెంబుతో నీళ్ళు పోయబోయాను. చెంబు నా చేతిలోంచి తీసేసుకున్నాడు. నా మొహం చూడలేదు. లోపలివాళ్ళకు వినబడకుండా అన్నాడు, అంత మెల్లగా మాట్లాడగలడని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

"నూనె రాయకు చెల్లె. సల్లటి నీళ్ళల్ల వెట్టు. నీ చెయ్యి మొదటి దినం గూడ ఓర్చలేదు, కదా?"

నేను తల వంచుకున్నాను. ఆయన చేతులు కడుక్కొని సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ఆఫీసు సంజాయిషీ అడిగితే, తప్పంతా తనదేనని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. తెలిసే పెట్టాడు.